పన్నెండో రేకు

రాత్రి పదిన్నరకి కూడా
మద్దిలపాలెం జెరాక్సు షాపులో వరస కదల్లేదు.
అందరి గుప్పెట్లోనూ ఒక పెన్‌డ్రైవు, దాని చుట్టూ చెమట.
బుజ్జిబాబు తలెత్తకుండానే అడిగేడు:
"స్పైరలా, గట్టి అట్టా?"
నాలుగేళ్ల చదువులో నన్నెవరూ
ఇంత సూటి ప్రశ్న అడగలేదు.

గట్టి అట్టే. నల్లది. మీద బంగారు అక్షరాలు.
సముద్రపు గాలిలో ఇనుము తుప్పు పట్టే వేగం గురించి
నలభై రెండు పేజీలు.
ముప్పై ఏడో పేజీలో
ఒక గడి.

జనవరిలో పన్నెండు ఇనప రేకులు తూకం వేసి,
నంబర్లు చెక్కి, ఫిషింగ్ హార్బరు జెట్టీకి
నైలాను తాళ్లతో వేలాడదీసేం, నేనూ పాత్రుడూ.
పడవలకి వెల్డింగు చేసే ఎల్లాజీ
మా ముడి చూసి నవ్వేడు.
"ఇది జడకేసే ముడి తల్లీ, సంద్రానికి సాల్దు."
తనే విప్పి, తనే కట్టేడు, పదకొండింటికి.
పన్నెండోది నేనే కడతానన్నాను.
పౌరుషం.

ఏప్రిల్లో వెళ్లి లాగితే
పదకొండు తాళ్ల చివర ఎర్రగా పొక్కిన రేకులు,
పన్నెండో తాడు చివర
తడి.

"సగటు వేసేద్దాం," అన్నాడు పాత్రుడు.
మంచివాడే. వారమై నిద్ర లేదు.
సోమవారం థర్మో, బుధవారం మెటీరియల్సు,
రెండో సెమిస్టరు నుంచి అప్పులవాడిలా వెంటబడుతున్న లెక్కలు.
"పాయింటు తర్వాత మూడంకెలు వేస్తే ఎవడూ అడగడే."
వేసేను కూడా.
ఆ అంకె మిగతా పదకొండింటికన్నా అందంగా ఉంది.
పొక్కు లేదు, గీత లేదు.
ఈ ఊళ్లో అంత శుభ్రంగా ఏదీ ఉండదు.
మా హాస్టలు కిటికీ ఊచ పట్టుకుంటే చాలు,
అరచేయి పండినట్టవుతుంది.

పుస్తకం ముందు కూచుంటే ఎంట్రోపీ బుర్రకెక్కలేదు.
ఆటో ఎక్కి హార్బరుకి పోయేను.
వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి.
ఎల్లాజీ కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి విన్నాడు.
"వల పోతే పోయిందనే సెప్తాం.
ఉన్నాదంటే సేపలు పడతాయేటి?"
అంతే. మళ్లీ నిప్పురవ్వలు.
వచ్చేస్తుంటే వెనక్కి పిలిచి,
తెగిన వలతాడు ముక్కతో
మూడుసార్లు చూపించేడు ఆ ముడి.
నాలుగోసారి నాచేత వేయించి, పీకి చూసేడు.

అందుకే పదిన్నర రాత్రి, షాపు మూలన
'ఎస్' అక్షరం అరిగిపోయిన కంప్యూటరు ముందు నేను.
రేకు పన్నెండు: దొరకలేదు. కారణం: ముడి.
"కారణం కూడానా?" పాత్రుడి గొంతు ఏడుపులా ఉంది.
నేను కట్టిన ముడి అని రాయబోతే
రిపోర్టుల్లో 'నేను' ఉండకూడదన్నాడు.
నిజమే. అన్నీ వాటంతటవే జరిగిపోవాలి,
తూచబడాలి, గమనించబడాలి.
సరే, ముడి కట్టబడింది.
ఎవరిచేతో సముద్రానికి తెలుసు.
సగటు మళ్లీ మారింది, గ్రాఫు మారింది,
పాత్రుడు పది రూపాయల టీ రెండు తెచ్చేడు
ఏమీ మాట్లాడకుండా.

వైవాలో బయటినుంచొచ్చిన మేష్టారు
ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగేరు.
కళ్లజోడు తీసేరు. తుడుచుకున్నారు.
ముప్పై ఎనిమిదికి తిప్పేరు.
మెచ్చుకోలేదు, తిట్టలేదు.
అప్పుడనిపించింది, ఆ నీళ్ల అడుగున
నా రేకొక్కటే ఇంకా ప్రయోగం చేస్తోందని,
సబ్మిషను తేదీ తెలీక.

సోమవారం థర్మో.
ఐదింటిలో మూడు తెలుసు, ఒకటి తెలిసినట్టుంది.
అదనపు కాగితాలు నాలుగు తీసుకున్నాను.
ఆఖరి గంట కొట్టబోతుంటే ఇన్విజిలేటరు
తెల్లదారం ముక్క బల్లమీద పెట్టి వెళ్లింది.
ఎల్లాజీ ముడే వేసేను.
పేపరు దిద్దేవాళ్లు
కత్తెర తెచ్చుకోవాలి.